అంబలి తాగొద్దన్నది నేనే

కాఫీ పళ్ళు ఏరే రోజుల్లో ఆ ఊళ్ళో ఎవరూ ఒంటరిగా ఏరరు. ఏడుగురు ఆడవాళ్ళు ఒక జట్టు. ఇవాళ అందరూ కలిసి ఒకరి తోటలో ఏరితే రేపు ఇంకొకరి తోటలో. పండు ఎర్రబడ్డాక చెట్టు మీద ఎక్కువ రోజులు నిలవదు, రాలిపోతుంది. ఒక్క మనిషి చేతులతో ఆ పని తెమలదు. వంతు వచ్చిన రోజు తోట గలామె చేయవలసిందల్లా మధ్యాహ్నానికి అందరికీ సరిపడా చోడి పిండితో, అంటే రాగిపిండితో అంబలి కాచి, ఎండబెట్టిన ఆనపకాయ బుర్రల్లో పోసి తోటకి తేవడమే. ఆ అంబలి అందరూ తాగాలి. ఆకలి లేకపోయినా రెండు గుక్కలైనా తాగాలి. వద్దన్నారంటే, నీకూ నాకూ పొత్తు లేదని చెప్పినట్టే. ఇంక నోటితో వేరే చెప్పే పని లేదు.

ఈ సంగతి నాకు తెలుసు. అరకు నుంచి సర్వీసు జీపులో గంట, దిగాక అరగంట నడక ఉండే ఆ కొండ ఊళ్ళో పదకొండేళ్ళు నర్సుగా చేశాను, తెలియకపోవడానికి లేదు. అయినా ఒక మనిషికి అంబలి తాగొద్దని చెప్పింది నేనే. ఎందుకలా చెప్పానో తెలియాలంటే ముందు నా గొడవ కొంత చెప్పుకోవాలి. చెప్పుకోవడం నాకిప్పటికీ ఇష్టం లేదు, అయినా చెప్తాను.

మాది విజయనగరం పక్కన వ్యవసాయం చేసుకునే ఇల్లు. మా ఆయన అక్కడే బడిపంతులు. పిల్లలు ఆయన దగ్గర, మా అత్తగారి దగ్గర ఉండేవారు. నేను కొండ మీద రెండు గదుల సబ్ సెంటర్లో, శనివారం దిగి సోమవారం ఎక్కేదాన్ని. నాకు రెండో కాన్పు కష్టమైంది. బిడ్డ పెద్దది, నొప్పులు రెండు రోజులు పడ్డాను. మూడో నెలలో ఒకరోజు తుమ్మాను, చీర తడిసింది. పచ్చి ఒళ్ళు కదా, తగ్గిపోతుందిలే అనుకున్నాను. తగ్గలేదు సరికదా, కొన్నాళ్ళకి దానికి తోడు ఇంకో రకం మొదలైంది. ఇంటికొచ్చి తాళంచెవి చేతిలోకి తీసుకుంటే చాలు, ఇక ఆగదు. తలుపు తీసేలోగానే కొంప మునిగేది.

నేను నర్సుని. దీన్ని పుస్తకంలో ఏమంటారో తెలుసు. మేము చదువుకునేటప్పుడు ఆ పాఠం ఒక పేజీ ఉండేది, మా టీచరు అది మీరే చదువుకోండర్రా అని తిప్పేసింది. మేమూ చదవలేదు. ఉద్యోగంలో చేరాక ఎన్నో శిక్షణలకి వెళ్ళాను. రక్తహీనత మీద, మలేరియా మీద, కాన్పుల మీద రోజుల తరబడి చెప్పారు. ఈ ముక్క మీద ఎవరూ ఒక్క పూట మాట్లాడింది లేదు, నేను లేచి అడిగిందీ లేదు. నా వైద్యం నేనే చేసుకున్నాను. పొద్దున్న అరగ్లాసు నీళ్ళు, మళ్ళీ సాయంత్రం తలుపేసుకున్నాకే. నల్ల లంగాలు. వ్యాక్సిన్ డబ్బా మోసే సంచిలో మడతపెట్టిన పాత చీర ముక్కలు. ఎవరింటికి వెళ్ళినా మంచినీళ్ళో అంబలో టీయో ఇస్తారు కదా, వద్దమ్మా ఇప్పుడే తాగొచ్చాను అనేదాన్ని. మా ఆయనకి కూడా చెప్పలేదు. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి ఆ ఊళ్ళో నాకు తొమ్మిదేళ్ళు, ఈ బాధకి ఏడేళ్ళు.

అప్పుడు వచ్చిందామె. పేరు రాయను. చెల్లీ అని పిలిచేదాన్ని, ఇక్కడా అలాగే అంటాను. నలభై దాటి ఉండవు. నలుగురు పిల్లలు. టీకాల రోజు అందరూ వెళ్ళిపోయేదాకా బయట బెంచీ మీద కూర్చుని, లోపలికొచ్చి తలనొప్పి బిళ్ళ అడిగింది. ఇచ్చాను. కొంగులో కట్టుకుంది, లేవలేదు. నేను సిరంజిలు సర్దుతూ, ఇంకేంటమ్మా అని కొంచెం కసురుకున్నట్టే అడిగాను. నాకదొక పాడు అలవాటు, మనిషి నసిగితే విసుగు.

"బరువెత్తితే ఒంటికొచ్చేత్తంది సిస్టరమ్మా," అంది నేల చూస్తూ. "దగ్గితే ఒచ్చేత్తంది. నాను ఆపనేకపోతన్నాను."

నా చేతిలో సిరంజి డబ్బా అలాగే ఉండిపోయింది. ఆమె ఒక్కొక్కటే చెప్పింది. ప్రతి కాన్పుకీ నెల తిరక్కుండానే కట్టెల మోపులు మోసింది. కింద పారే గెడ్డ నుంచి రెండేసి బిందెలు కొండ మీదికి తెచ్చింది. చలికాలం పొయ్యి పొగకి దగ్గు పట్టుకుంటే నెలల తరబడి వదలదు. చివరి కాన్పు తర్వాత మొదలైంది, రెండేళ్ళ నుంచీ మరీ ఎక్కువైంది. జీపు లోపల కూర్చోవడం మానేసి వెనక పట్టుకుని నిలబడుతోంది. పెళ్ళిళ్ళలో థింసా ఆడటానికి రమ్మంటే మోకాళ్ళ నొప్పి అంటోంది. చన్నీళ్ళలో రోజుకి రెండుసార్లు గెడ్డలో స్నానం చేస్తోంది. ఇవన్నీ ఎలాగో నెట్టుకొస్తోంది. ఇంకో వారంలో కాఫీ ఏరుడు మొదలవుతుంది, భయమంతా దాని గురించే. నిండు బుట్ట నెత్తిన పెట్టుకుని ఏటవాలు గట్టు మీద ఒకరి వెనక ఒకరు నడవాలి. వెనక వచ్చే మనిషికి తెలిసిపోతుంది. జట్టు వదిలేస్తే తోట పోతుంది. మొగుడు ఆ కాలంలో విశాఖపట్నంలో ఇళ్ళు కట్టే పనికి వెళ్ళి ఉంటాడు, పిల్లలు హాస్టళ్ళలో. ఆ పంట ఒక్కటే ఆ ఇంటికి ఆధారం. చెప్తూ చెప్తూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేనేం చేయాలి? పెద్దాసుపత్రికి పంపాలి. కనీసం నాకు సరిగ్గా తెలియదు, కనుక్కుని చెప్తానని అనాలి. ఆ రెండూ అనలేదు. ఎంత బేగి ఆమె లేచి వెళ్తే అంత బాగుండుననిపించింది. అందుకని నేను చేసుకునే వైద్యమే ఆమెకీ చెప్పేశాను. ఏరుడు అయ్యేదాకా పగలు నీళ్ళు మానెయ్, మధ్యాహ్నం అంబలి తాగకు, లోపలికి పోకపోతే బయటికి రాదు కదా అన్నాను. ఎంత గట్టిగా అన్నానంటే, ఆమె కళ్ళు తుడుచుకుని దణ్ణం పెట్టింది. ఐరన్ మాత్రలు కూడా ఇచ్చాను. ఏదో ఒకటి చేతిలో పెట్టకుండా ఎవర్నీ పంపడం నాకు రాదు.

ఆ వారమే మా అత్తగారు పడి కాలు విరగ్గొట్టుకుంటే సెలవు పెట్టి దిగాను. తిరిగి కొండెక్కేసరికి నాలుగు వారాలైంది. జీపు దిగి నడిచి వస్తుంటే దారి పక్కన తోటలో చెల్లి ఒక్కతే కనబడింది. మిరియం పాదులు అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్ల కింద, మొక్కల మధ్య వంగి ఏరుతోంది. చుట్టూ ఎవరూ లేరు. నేలంతా రాలిన పళ్ళు నల్లగా ఎండి ఉన్నాయి. పిలిస్తే చెయ్యెత్తింది గాని దగ్గరికి రాలేదు. తరవాత మాట్లాడొచ్చులే అనుకుని వచ్చేశాను.

సాయంత్రం ఆశా కార్యకర్త వచ్చి సంగతి చెవిన వేసింది. ఆమె కూడా చెల్లి జట్టు ఏడుగురిలో ఒకరు. ఏరుడు మొదలైన రోజు వంతు జట్టుకి పెద్దగా ఉండే ఆమెది. ఆమె చెల్లి మొగుడికి అక్క, ఊళ్ళో చిన్నా పెద్దా అందరికీ వదినే. వదిన పెద్ద తోట, మూడు రోజుల పని. మొదటి రోజు చెల్లి కడుపు నొప్పి అని అంబలి వద్దంది. రెండో రోజు ఉపవాసం అంది. మూడో రోజు ఏ సాకూ చెప్పకుండా బుర్ర చేతికిస్తే పక్క మనిషికి అందించేసింది. పోయిన ఏడు గట్టు మీద మిరియం పాదు ఎవరిదనే విషయంలో వదినకీ ఆమెకీ మాటా మాటా వచ్చింది. అది మనసులో పెట్టుకుని నా చేతి అంబలి తోసేసిందని వదిన అనుకుంది. నాలుగో రోజు ఏరుడుకి చెల్లిని పిలవలేదు. చెల్లి వంతు వచ్చిన రోజు ఎవరూ ఆమె తోటకి వెళ్ళలేదు.

ఆశా కార్యకర్తకి ఏమీ చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున్నే చెల్లి ఇంటికి వెళ్తే తోటలోకి పోయిందని పక్కింటివాళ్ళు అన్నారు. తోటకి వెళ్తే బుట్ట పక్కన పెట్టి చెట్టు మొదట్లో ముడుచుకుని పడుకుని ఉంది. చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. పెదాలు పొక్కులెక్కాయి.

"మీరు సెప్పినట్టే తాగనేదు సిస్టరమ్మా," అంది లేవబోతూ. "అయినా ఒత్తంది. ఇప్పుడు మంట కూడాను."

నామీద కోపంతో అన్న మాట కాదది. నేను చెప్పింది చెప్పినట్టు చేశానని, తన వైపు నుంచి లోపం లేదని నాకు చెప్పుకుంటోంది. ఆ క్షణాన నన్నెవరైనా చెంప మీద కొట్టినా అంత బాధపడేదాన్ని కాదు.

ఆ రోజే జీపెక్కించి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాను. అదృష్టం కొద్దీ ఆడ డాక్టరు ఉన్న రోజు. చిన్న పిల్ల, మా పెద్దమ్మాయి కన్నా పదేళ్ళు పెద్దదేమో. హడావుడి లేకుండా అన్నీ అడిగింది. ఎన్నిసార్లు వస్తుంది, దగ్గితే వస్తుందా, నవ్వితే వస్తుందా, వస్తోందని తెలిశాక ఆపుకోలేకపోవడం ఉందా, మలబద్ధకం ఉందా. మూత్రం పరీక్షకి పంపింది, షుగర్ చూసింది. బల్ల మీద పడుకోబెట్టి దగ్గించి చూసింది. గర్భసంచి జారలేదంది. అన్నీ అయ్యాక కుర్చీ చెల్లి వైపు లాక్కుని చెప్పింది.

కింద కండలుంటాయమ్మా, పిల్లని వేసే ఉయ్యాల గుడ్డలాగా మూత్రపు సంచినీ గర్భసంచినీ పట్టుకుని ఉంటాయి, కాన్పులకీ మోతలకీ ఆ గుడ్డ సాగిపోయింది, అందుకే బరువు పడగానే జారిపోతోంది అంది. ఇది జబ్బూ కాదు, నీ తప్పూ కాదు, చాలామందికి ఉంటుంది, చాలా మటుకు బాగవుతుంది అంది. ఆ కండల్ని బిగించడం నేర్పింది. గాలినీ మూత్రాన్నీ ఒక్కసారే ఆపుకున్నట్టు లోపలికీ పైకీ లాగాలి. పొట్ట బిగించకూడదు, ఊపిరి బిగబట్టకూడదు. అయిదు అంకెలు లెక్కపెట్టి వదలాలి, వదిలి మళ్ళీ లాగాలి. పదిసార్లు, రోజుకి మూడు పూటలా. అలవాటైతే పది అంకెల దాకా పోవచ్చు. దగ్గు వచ్చే ముందు, బుట్ట ఎత్తే ముందు ఒకసారి బిగించాలి. మూడు నెలలు విడవకుండా చేయాలి, వారంలో తగ్గలేదని మానేయకూడదు. అప్పటికీ తగ్గకపోతే లోపల పెట్టే రింగు ఉంది, చిన్న ఆపరేషన్ ఉంది, భయం లేదంది.

తరవాత పరీక్ష కాగితం చూసి మొహం మార్చింది. మూత్రంలో చీము ఉందమ్మా, నీళ్ళు తాగట్లేదు కదూ అని అడిగింది. నీళ్ళు మానితే మూత్రం చిక్కబడి సంచి ఒరుసుకుపోతుంది, ఇంకా ఎక్కువగా వస్తుంది, జ్వరం తెచ్చిపెడుతుంది అంది. ఎవరు చెప్పారు నీకు తాగొద్దని?

నేను పక్కనే నిలబడి ఉన్నాను. చెల్లి నా వైపు చూడలేదు.

"ఎవులూ నేదు," అంది. "నానే మానేసేను."

నేనే చెప్పానండీ అనడానికి నాకు ఆ గదిలో చాలినంత వ్యవధి ఉంది. డాక్టరమ్మ మందులు రాసేంత సేపూ ఉంది. అనలేదు. పైగా చివర్లో, వాకిట్లోకి వచ్చేదాకా ఉండి సరిగ్గా తాళం తీసేటప్పుడు ఆగనిది ఉంటుంది కదండీ, ఒక పేషెంటుకి ఉంది, దానికేం చేయాలి అని అడిగాను. డాక్టరమ్మ నన్ను కాస్త ఎక్కువ సేపే చూసింది. అది ఇంకో రకమని, అనిపించగానే పరిగెత్తకుండా ఆగి, కండ బిగించి, ఆ ఊపు తగ్గాక నడవాలని చెప్పింది. గంటకోసారి వెళ్ళేవాళ్ళు గంటా పావుకి, గంటన్నరకి మెల్లమెల్లగా పొడిగించుకోవాలి, టీ తగ్గించాలి, అవసరమైతే మందులున్నాయి అంది. ఆ పేషెంటుని కూడా తీసుకురండి సిస్టర్, అని ఆఖర్న అంది. సరేనని తలూపి వచ్చేశాను.

తిరుగు జీపులో చెల్లి నా చెయ్యి పట్టుకుని, ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని అడిగింది. ముఖ్యంగా వదినకి. మాటిచ్చాను. మందులకి నాలుగు రోజుల్లో జ్వరం పోయింది, మంట తగ్గింది. కండలు బిగించడం సబ్ సెంటర్లో పడుకోబెట్టి నేర్పాను. కానీ తోట అలాగే ఉంది. ఆమె ఒక్కతే రోజంతా ఏరితే నాలుగు చెట్లు. మిగతావి రాలుతూనే ఉన్నాయి. మూడు నెలలకి ఒళ్ళు బాగుపడొచ్చు, పళ్ళు మూడు నెలలు ఆగవు.

వదిన దగ్గరికి వెళ్ళాను. ఆరోగ్యం బాగాలేక తాగలేదు, మీ మీద కోపంతో కాదు అని చెప్పాను. జబ్బయితే చెప్పాలి కదా, ఏ జబ్బు అని అడిగింది. చెప్పకూడదన్నాను. ఊళ్ళో ఎవరికి మలేరియా వచ్చినా ఎవరికి కడుపొచ్చినా చెప్తారు, ఇది మాత్రం చెప్పరా అని నవ్వింది. ఆమె తరఫున రాయబారానికి వచ్చానని అనుకుంటోందని తెలిసిపోయింది. నాకు ఒళ్ళు మండింది. మీకు మనిషి కన్నా అంబలి ఎక్కువా అనేశాను. వదిన చేటలో చోళ్ళు చెరుగుతున్నదల్లా ఆగింది.

"మా అంబలి సంగతి మీకేటి తెలుసు సిస్టరమ్మా," అంది మెల్లగా.

ఆ మాటలో ఏదో ఉందనిపించింది గాని ఆ కోపంలో నాకు బుర్రకెక్కలేదు. విసురుగా వచ్చేశాను. చెడగొట్టింది చాలక ఇంకొంచెం చెడగొట్టి వచ్చానన్నమాట.

రెండు రోజులు నాలో నేనే గింజుకున్నాను. చెల్లి సంగతి చెప్పనని మాటిచ్చాను. నా సంగతి చెప్పనని ఎవరికీ మాటివ్వలేదు. అంతవరకూ తేలిగ్గానే తోచింది. దాన్ని నోటితో అనాలనుకునేసరికి ఏదో ఒక పని పెట్టుకునేదాన్ని. మూడో రోజు ఆశా కార్యకర్త వంతు. మధ్యాహ్నం వేళకి ఆమె తోటకి వెళ్ళాను. ఆరుగురూ నీడన కూర్చుని ఉన్నారు, బుర్ర చేతులు మారుతోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చారు గాని అంబలి ఇవ్వబోలేదు. వదిన తాగి మూతి తుడుచుకుంటుంటే నేనే చెయ్యి చాపి బుర్ర అడిగాను. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. తాగాను. రెండు గుక్కలు కాదు, కడుపు నిండా తాగాను.

అప్పుడు చెప్పాను. కాన్పు దగ్గర్నుంచి మొదలుపెట్టి, తుమ్ము, తాళంచెవి, నల్ల లంగాలు, సంచిలో చీర ముక్కలు, అన్నీ. టీకాల రోజు పిల్లల్ని ఎత్తుకుని బరువు చూసేటప్పుడు నేను కాళ్ళెందుకు దగ్గరగా పెట్టి నిలబడతానో కూడా చెప్పాను. మధ్యలో నవ్వు తెప్పిద్దామని చూశాను, ఎవరూ నవ్వలేదు. ఇళ్ళలో ఏమిచ్చినా వద్దనేది ఇందుకేనని చెప్పి ఆపాను.

వదినే ముందు నోరు విప్పింది.

"కొత్తలో మా ఇళ్ళలో తాగేవోరు," అంది. "తరవాత మానేసేరు. మా వల్ల ఏటి తప్పొచ్చిందోనని సానా దినాలు అనుకున్నాం. ఇంక కొండ కింద పల్లపోళ్ళు కదా, మా గిన్నెలు ముట్టరులే అని ఊరుకున్నాం."

ఏడేళ్ళు. నేను ప్రతి గడపలోనూ ఆ మాట అంటూ వచ్చాను, వాళ్ళు ప్రతి గడపలోనూ అలా అనుకుంటూ వచ్చారు. అయినా ఒక్కరూ నన్ను పన్నెత్తి మాట అనలేదు, పిల్లల్ని నా దగ్గరికే తెచ్చారు, కాన్పులకి నన్నే పిలిచారు. నాకు దుఃఖం ఆగలేదు. వాళ్ళ ముందు ఏడవడం అదే మొదటిసారి.

నేను కళ్ళు తుడుచుకునేసరికి జట్టులో అందరి కన్నా చిన్నది, ఇద్దరు పిల్లల తల్లి, తనకి నవ్వితే వస్తుందని చెప్పింది. ఇంకొకామె దగ్గితే అంది. ఆశా కార్యకర్త నన్ను చూడకుండా, తనకీ ఉందంది. వారానికి నాలుగు రోజులు నా పక్కన నడిచే మనిషి. వదిన తనకి గర్భసంచే కిందికి జారి తగులుతుందని, చేత్తో పైకి నెట్టుకుని కట్టెలకి పోతానని, ఎండలు బాగా కాస్తున్నాయన్నంత మామూలుగా చెప్పింది. ఆరుగురిలో నలుగురు. డాక్టరమ్మ నేర్పింది అక్కడే కూర్చోబెట్టి అందరికీ చెప్పాను. ఎవరు ఎక్కడ బిగిస్తున్నారో తెలియక మొహాలు బిగించుకుంటే అప్పుడు నవ్వులొచ్చాయి.

నవ్వులు ఆగాక వదిన అడిగింది, దీనికి అంబలి మానెయ్యాలా అని. మానకూడదన్నాను. మానితే మంట, జ్వరం. అది తెలియక ఒకరిని మానమన్నాను, తప్పు నాది అన్నాను. ఆ ఒకరు ఎవరని వదిన అడగలేదు. బుర్రలో అడుగున మిగిలిన అంబలి వైపు చూస్తూ కూర్చుంది. చెల్లికిచ్చిన మాట నిలబెట్టుకున్నానో తప్పానో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు పొద్దున్నే ఆరుగురూ బుట్టలు పట్టుకుని చెల్లి తోటకి వెళ్ళారు. ఎవరూ పిలవలేదు. వాళ్ళొస్తారని తెలియక చెల్లి అంబలి కాచలేదు. వంతు తనది కాకపోయినా వదినే కాచి తెచ్చింది. అలా తేవడం అక్కడ జరగని పని. చెల్లికి తనే పోసి, తాగేదాకా ఎదురుగా నిలబడిందట. పాదు గొడవ గురించి గాని, నాలుగు వారాల గురించి గాని ఒక్క మాట అనలేదట.

ఫలితం కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడు నెలలు విడవకుండా చేశాక చెల్లికి బుట్ట ఎత్తినా రావడం ఆగింది, గట్టి దగ్గు పట్టినప్పుడు మాత్రం కొంచెం ఉంటుంది. వదినని పెద్దాసుపత్రికి తీసుకెళ్తే రింగు పెట్టారు, ఇన్నాళ్ళూ ఇది ఎక్కడ దాచారని డాక్టరమ్మని దబాయించింది. ఆ పేషెంటు నేనేనని నేనూ ఒప్పుకున్నాను. నాకు మందూ, సాధనా కలిసి సగానికి పైగా తగ్గింది. మా ఆయనకి చెప్తే, అందుకా నువ్వు సినిమాకి రానంటావు, నేనంటే విసుగేమో అనుకున్నాను అన్నాడు. చెల్లి తోటలో సగం పంట నేలపాలైంది, అది తిరిగి రాలేదు.

ఇదంతా తరవాతి మాట. వాళ్ళు ఏరిన మొదటి రోజు మధ్యాహ్నం నేనూ చెల్లి తోటకి వెళ్ళాను. ఆడవాళ్ళు చెట్ల మధ్య చెదిరి ఏరుతున్నారు, మాటలు వినిపిస్తున్నాయి. నాకు మనసు తేలికపడింది. నిజం చెప్పాలంటే కొంచెం గర్వంగా కూడా ఉంది, అంతా నేనే చక్కదిద్దానని. చెల్లి నన్ను చూసి బుట్ట దించి దగ్గరికొచ్చింది. దణ్ణం పెడుతుందనుకున్నాను.

"మీకూ ఉందంట," అంది.

ఉందన్నాను.

"నాను మీ కాడికొచ్చిన దినానికే ఉందా?"

అప్పటికి ఏడేళ్ళని చెప్పాను. ఆమె అటు తిరిగి ఆడవాళ్ళ వైపు కాసేపు చూసింది. మళ్ళీ నా వైపు తిరిగేసరికి కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. డాక్టరు ముందు నన్ను కాపాడిన మనిషి, జ్వరంలో కూడా నన్ను ఒక్క మాట అనని మనిషి.

"ఈ బాద బూమ్మీద నాకొక్కద్దానికే అనుకున్నాను సిస్టరమ్మా. సచ్చిపోదునా అని కూడా అనుకున్నాను. మీరు ఎదురుగా కూకొని ఇన్నారు. మీకూ ఉందని ఒక్క మాట సెప్పనేదు."

సిగ్గేసిందమ్మా అన్నాను. ఇంకేం చెప్పను, నిజం అదే.

"నాకూ సిగ్గే," అంది. "అయినా నాను సెప్పేను కదా."

తప్పయిందన్నాను. అది విన్నదో లేదో తెలియలేదు. నడుముకి చుట్టుకున్న గుడ్డ సంచి విప్పి నా చేతికిచ్చింది. ఊరికే నిలబడకండి, పొద్దు పోతోంది, ఏరండి అని తన చెట్టు దగ్గరికి వెళ్ళిపోయింది. సాయంత్రం దాకా ఆమె పక్క చెట్టు దగ్గరే ఏరాను. ఆ రోజు ఆమె నాతో మళ్ళీ మాట్లాడలేదు.